‘తొలి’ అని రాసే ముందు: పీఆర్ ప్రశ్నలు, జవాబులు

అమెరికాలో పీఆర్ ఏజెన్సీల్లో, కంపెనీల కమ్యూనికేషన్స్ విభాగాల్లో, మ్యూజియాల్లో పనిచేసే పాఠకులు ఈసారి ఒకే విషయం మీద ఎక్కువ ప్రశ్నలు పంపారు. ఆటల్లో, వ్యాపారంలో మూసిన తలుపులు తెరిచిన నల్లజాతి ప్రముఖులను గౌరవిస్తూ ప్రచారం చేయమని పైవాళ్లు చెబుతారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో మాత్రం చెప్పరు. ఇలాంటి రాతల్లో తప్పు దొర్లితే క్లయింటుకు జరిగే నష్టం చిన్నది, ఆ మనిషి పేరుకు జరిగే నష్టం పెద్దది. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడవుగానే ఇస్తున్నాం.

ప్రశ్న: ‘తొలి నల్లజాతి ఆటగాడు’, ‘తొలి నల్లజాతి సీఈఓ’ అని ప్రెస్ నోట్‌లో రాస్తే రెండుసార్లు ఎడిటర్లు సవరించమని వెనక్కి పంపారు. మేం చూసినచోటల్లా అలాగే ఉంది. మరి తప్పెక్కడ?

జవాబు: ‘తొలి’ అన్న మాటకు మీరు హద్దు గీయలేదు. ఏ లీగులో, ఏ కాలంలో, ఏ పనిలో తొలి అన్న మూడు సంగతులూ ఒకే వాక్యంలో ఉండాలి. బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఎబెట్స్ ఫీల్డ్‌లో దిగారు. అంతమాత్రాన ‘మేజర్ లీగుల్లో ఆడిన తొలి నల్లజాతీయుడు’ అని రాస్తే అది తప్పే. మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ 1884లోనే టొలీడో జట్టుకు ఆడారు. ఆ తర్వాతే తెల్లవారి జట్లు నల్లవారిని తీసుకోవడం మానేశాయి, ఆ అలవాటు దాదాపు ఆరు దశాబ్దాలు సాగింది. ఇంకో చిక్కు కూడా ఉంది. నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడుకున్న, 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు నీగ్రో లీగులను మేజర్ లీగులుగా గుర్తిస్తున్నట్లు మేజర్ లీగ్ బేస్‌బాల్ 2020 డిసెంబరులో ప్రకటించింది. 2024 మేలో వాటి గణాంకాలను తన రికార్డుల్లో కలిపేసింది కూడా. దాంతో కెరీర్ బ్యాటింగ్ సగటులో .372తో జాష్ గిబ్సన్ టై కాబ్‌ను దాటి మొదటి స్థానానికి వచ్చారు. అంటే ఆ సంస్థ లెక్కల ప్రకారమే 1920ల నుంచి నల్లజాతి ఆటగాళ్లు మేజర్ లీగు ఆటగాళ్లు. అందుకని ‘20వ శతాబ్దంలో నేషనల్, అమెరికన్ లీగుల్లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు’ అని రాయండి. వాక్యం పొడవవుతుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఒక్కోసారి ‘తొలి’ ముగ్గురి మధ్య పంచుకుపోతుంది. 1950లో బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ జట్టు డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఎంచుకున్న తొలి నల్లజాతి ఆటగాడు చక్ కూపర్. అదే ఏడాది అక్టోబరు 31న వాషింగ్టన్ క్యాపిటల్స్ తరఫున తొలిగా మైదానంలో దిగినవారు ఎర్ల్ లాయిడ్. తొలి ఒప్పందం న్యూయార్క్ జట్టుతో నాట్ క్లిఫ్టన్ కుదుర్చుకున్నారని చాలాచోట్ల కనిపిస్తుంది. కానీ హెరాల్డ్ హంటర్ అంతకుముందే వాషింగ్టన్ జట్టుతో సంతకం చేశారు. సీజన్ మొదలయ్యేలోపు ఆయన్ను జట్టులోంచి తీసేశారు. అందువల్ల క్లిఫ్టన్ గురించి ‘ఎన్‌బీఏలో ఒప్పందం మీద ఆడిన తొలితరం నల్లజాతి ఆటగాళ్లలో ఒకరు’ అనడం క్షేమం.

వ్యాపారంలోనూ ఇదే వరస. ఫార్చ్యూన్ 500 (ఆ పేరుగల పత్రిక ఏటా వేసే పెద్ద కంపెనీల జాబితా) కంపెనీకి తొలి నల్లజాతి సీఈఓ ఎవరంటే కొందరు 1987లో పింఛను నిధుల సంస్థ టీఐఏఏ-క్రెఫ్ పగ్గాలు చేపట్టిన క్లిఫ్టన్ వార్టన్ అంటారు, కొందరు 1999లో గృహరుణాల సంస్థ ఫ్యానీ మే అధిపతి అయిన ఫ్రాంక్లిన్ రెయిన్స్ అంటారు. ఈ తేడాకు కారణం జాబితా లోపలే ఉంది. 1995కు ముందు ఆ జాబితాలో పారిశ్రామిక కంపెనీలే ఉండేవి, ఆర్థిక సేవల సంస్థలు ఆ తర్వాతే చేరాయి. మీ ప్రెస్ నోట్‌లో ఎవరి పేరున్నా పక్కన సంవత్సరం, సంస్థ పేరు తప్పకుండా ఉండాలి. ఉర్సులా బర్న్స్ విషయంలో ఇంత గొడవ లేదు. 2009లో జిరాక్స్ సీఈఓ అయినప్పుడు ఫార్చ్యూన్ 500 కంపెనీని నడిపిన తొలి నల్లజాతి మహిళ ఆవిడే.

ఇక పని ఎలా చేయాలంటే, ప్రెస్ నోట్ మొదలుపెట్టకముందే మూడు నిలువు గళ్ల పట్టిక తయారుచేసుకోండి. మొదటి గడిలో మీరు చెప్పదలచిన వాక్యం, రెండో గడిలో ఆధారం, మూడో గడిలో సరిచూసిన వ్యక్తి పేరు, తేదీ. ప్రతి ‘తొలి’కీ ఒకదానిమీద ఒకటి ఆధారపడని రెండు ఆధారాలు కావాలి, వాటిలో ఒకటి ఆ కాలానిదే అయివుండాలి. పాత పత్రికల కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా ఉచితంగా దొరుకుతుంది. చికాగో డిఫెండర్, పిట్స్‌బర్గ్ కూరియర్ లాంటి నల్లజాతి పత్రికల డిజిటల్ సంపుటాలు చాలా నగరాల్లో పబ్లిక్ లైబ్రరీ కార్డుతోనే చూడొచ్చు. కంపెనీ పుట్టిన తేదీకి ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం రికార్డు, 1990ల మధ్య నుంచి షేర్ మార్కెట్ కంపెనీల వివరాలకు నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వారి ఎడ్గర్ డేటాబేస్ చూడండి. పది వెబ్‌సైట్లలో ఒకే వాక్యం ఉంటే అవి పది ఆధారాలు కావు. చాలాసార్లు ఒక్క తప్పే పదిచోట్లకు పాకి ఉంటుంది.

ప్రశ్న: మేడమ్ సి.జె. వాకర్‌ను ‘అమెరికాలో స్వయంకృషితో మిలియనీర్ (పదిలక్షల డాలర్ల ఆస్తిపరురాలు) అయిన తొలి మహిళ’ అనవచ్చా? మా క్లయింటు సౌందర్య సాధనాల కంపెనీ. ఆ మాట లేకపోతే ఒప్పుకోవడం లేదు.

జవాబు: ‘తొలివారిలో ఒకరిగా పేరుపొందారు’ అనండి. 1919లో ఆవిడ కన్నుమూసేనాటికి ఆస్తి పదిలక్షల డాలర్లకు చేరలేదని, సుమారు ఆరు లక్షలని లెక్కలు చెబుతున్నాయి. వాకర్ పనిచేసిన జుట్టు సంరక్షణ సాధనాల రంగంలోనే, అదే కాలంలో పోరో కంపెనీ పెట్టి ఎదిగిన యానీ టర్న్‌బో మలోన్‌కు కూడా ఆ బిరుదు దక్కాలనేవారున్నారు. వాకర్ మొదట మలోన్ దగ్గరే అమ్మకాల ప్రతినిధిగా పనిచేశారు.

మీ క్లయింటుకు ఇంతకంటే బలమైన సంగతులే ఉన్నాయి. 1867లో లూసియానాలోని డెల్టాలో సారా బ్రీడ్‌లవ్‌గా పుట్టిన ఆమె, బట్టలుతికి బతికిన రోజుల నుంచి ఇండియానాపోలిస్‌లో ఫ్యాక్టరీ పెట్టేదాకా వచ్చారు. వేలాది నల్లజాతి మహిళలకు శిక్షణ ఇచ్చి, సొంత ఆదాయమున్న ఏజెంట్లుగా నిలబెట్టారు. కొనేవారి గురించే కాక అమ్మేవారి గురించి కూడా ఆలోచించిన ఆ పద్ధతిని వివరించండి. వివాదమున్న బిరుదు కన్నా అది ఎక్కువకాలం గుర్తుంటుంది.

ప్రశ్న: మా రాతలన్నీ ‘అడ్డంకులను అధిగమించి’, ‘స్ఫూర్తిదాయకం’ దగ్గరే ఆగిపోతున్నాయి. చదివేవారికి పట్టడం లేదు.

జవాబు: అడ్డంకి అంటారే గానీ దాన్ని పెట్టిందెవరో మీరు చెప్పడం లేదు. ‘అవకాశాలు లేని రోజుల్లో’ అన్న వాక్యంలో కర్త లేడు, అందుకే అది చప్పగా ఉంటుంది. 1934 నుంచి 1945 దాకా అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్ఎఫ్ఎల్ జట్లలో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. అది దానంతటదే జరిగింది కాదు, జట్ల యజమానులు తీసుకోలేదు. క్లీవ్‌లాండ్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు తరలివచ్చిన ర్యామ్స్ జట్టుకు కొలీజియం కావాల్సివచ్చింది. అది ప్రజల డబ్బుతో కట్టిన స్టేడియం కాబట్టి నల్లవారిని ఆడనివ్వని జట్టుకు ఎలా ఇస్తారని ఆ ఊరి నల్లజాతి విలేకరులు నిలదీశారు. 1946లో కెన్నీ వాషింగ్టన్, ఆ వెంటనే వుడీ స్ట్రోడ్ సంతకాలు చేశారు. ఇలా చెబితే ఆటగాళ్ల ప్రతిభతోపాటు ఆ తలుపు ఎలా తెరుచుకుందో కూడా కళ్లకు కడుతుంది.

వెండెల్ స్కాట్ సంగతి ఇంకా కదిలిస్తుంది. 1963 డిసెంబరు 1న జాక్సన్‌విల్‌లో కార్ల పందేల సంస్థ నాస్కార్ పెద్ద స్థాయి పోటీ గెలిచిన తొలి నల్లజాతి డ్రైవర్ ఆయన. ఆ రోజు విజేతగా ప్రకటించింది బక్ బేకర్‌ను. ప్రేక్షకులు వెళ్లిపోయాక గానీ గెలుపు స్కాట్‌దని తేల్చలేదు. అసలు ట్రోఫీ ఆయన చేతికి ఎప్పుడూ రాలేదు. 1990లో ఆయన కన్నుమూశారు, 2021లో నాస్కార్ ఆయన కుటుంబానికి ట్రోఫీ అందజేసింది. ఇక్కడ ‘స్ఫూర్తిదాయకం’ అన్న మాట రాయాల్సిన అవసరమే లేదు, తేదీలే పని చేస్తాయి.

ఒక చిన్న పరీక్ష ఉంది. రాసిన పేరాలో మనిషి పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టి చూడండి. అయినా వాక్యం సరిపోతుంటే ఆ పేరా కొట్టేయండి. ఆటలోంచి వ్యాపారంలోకి వెళ్లినవారి రెండో జీవితాన్ని చాలామంది వదిలేస్తున్నారు కాబట్టి దాన్నీ వెతకండి. రాబిన్సన్ ఆట మానాక 1957లో చాక్ ఫుల్ ఓ నట్స్ కాఫీ కంపెనీకి వైస్ ప్రెసిడెంట్ అయ్యారు. 1964లో హార్లెంలో ఫ్రీడమ్ నేషనల్ బ్యాంకు స్థాపనలో పాలుపంచుకున్నారు. బిజినెస్ డెస్కుకు ఇవ్వడానికి ఇంతకన్నా మంచి కోణం ఉండదు.

ప్రశ్న: మా సూపర్‌మార్కెట్ క్లయింటు ఒక దిగ్గజ ఆటగాడికి అభినందనలు చెబుతూ పత్రికలో పూర్తి పేజీ వేద్దామంటున్నారు. ఏ సరుకూ అమ్మడం లేదు, ఉత్త అభినందనే. దీనికీ అనుమతి కావాలా?

జవాబు: కావాలి. సరిగ్గా ఇలాంటిదే ఒక కేసుంది, మీ క్లయింటు లాయరుకు చూపించండి. 2009లో మైకేల్ జోర్డాన్ బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన సందర్భంగా స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ప్రత్యేక సంచిక తెచ్చింది. చికాగో ప్రాంతపు సూపర్‌మార్కెట్లు జ్యూయెల్, డామినిక్స్ అందులో అభినందన పేజీలు వేశాయి. డామినిక్స్ పేజీలో స్టేక్ మీద 2 డాలర్ల తగ్గింపు కూపన్ ఉంది. జ్యూయెల్ పేజీలో కూపన్ లేదు. 23 నంబరున్న బూట్లు, అభినందన వాక్యాలు, కంపెనీ లోగో, దాని ప్రచార నినాదాన్ని గుర్తుచేసే మాటలు మాత్రమే ఉన్నాయి. అయినా అది వాణిజ్య ప్రకటనేనని, వాక్‌స్వాతంత్ర్యం పేరుతో తప్పించుకోలేరని 2014లో సెవెంత్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. 2015లో డామినిక్స్ కేసులో జ్యూరీ నిర్ణయించిన పరిహారం 89 లక్షల డాలర్లు. ఆ తర్వాత జ్యూయెల్ రాజీ చేసుకుంది.

వార్త, వ్యాసం, మ్యూజియం ప్రదర్శన వేరు. కంపెనీ లోగో చేరిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. మనిషి పేరు, బొమ్మ, గొంతు మీద హక్కు అమెరికాలో రాష్ట్రాల చట్టం కిందికి వస్తుంది కాబట్టి చనిపోయాక అది ఎన్నాళ్లు ఉంటుందన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 70 ఏళ్లు, ఇండియానాలో 100 ఏళ్లు. న్యూయార్క్‌లో 2021 మే 29 నుంచి, ఆ తర్వాత మరణించినవారికి 40 ఏళ్లు. అందువల్ల ఆ వ్యక్తి ఏ రాష్ట్రవాసిగా కన్నుమూశారన్నది మొదటి ప్రశ్న.

అనుమతి పత్రంలో ఉండాల్సినవి ఇవి: ఏ బొమ్మ, ఏ మాటలు, ఎక్కడెక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, తుది రాతను కుటుంబం చూసి ఒప్పుకోవాలన్న షరతు, ప్రతిఫలం ఎంత, ఎవరికి. ఈమధ్య చేర్చాల్సింది ఇంకొకటి ఉంది, కృత్రిమ మేధతో ఆ మనిషి గొంతు గానీ రూపం గానీ తయారుచేయబోమన్న వాక్యం. టెనెస్సీలో 2024 జూలై నుంచి గొంతుకు చట్టరక్షణ ఉంది కూడా. డబ్బు తీసుకుని మీ ప్రచారం గురించి పోస్టు పెట్టే ఆటగాడు ఆ సంబంధాన్ని పోస్టులోనే స్పష్టంగా చెప్పాలన్నది వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ నిబంధన. ఒలింపిక్ విజేతల విషయంలో ఇంకో జాగ్రత్త. జీవిత విశేషంగా ‘1948 లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం’ అని వార్తలో రాయడం ఒకటి, ప్రకటనలో ఆ పేరు, అయిదు వలయాలు వాడుకోవడం వేరొకటి. అమెరికాలో ఆ పదం మీద హక్కులు చట్టం ద్వారా అక్కడి ఒలింపిక్ కమిటీకి ఉన్నాయి.

ప్రశ్న: పాత ఫొటోలు ఇంటర్నెట్‌లో బోలెడు దొరుకుతున్నాయి. ఎంత పాతవైతే స్వేచ్ఛగా వాడుకోవచ్చు?

జవాబు: ప్రచురించి 95 ఏళ్లు దాటినవి కాపీరైట్ నుంచి బయటికొస్తాయి. కొన్ని పాత ఫొటోలకు కాపీరైట్ ముందే తీరిపోయి ఉండొచ్చు గానీ అది ఒక్కొక్కటిగా తేల్చుకోవాల్సిన సంగతి. 1940ల తర్వాతి ఫొటోలకు హక్కుదారు ఉన్నారనే అనుకుని మొదలుపెట్టండి. మరచిపోయేది ఇంకొకటి ఉంది. ఫొటోగ్రాఫర్ హక్కు వేరు, ఫొటోలో ఉన్న మనిషి హక్కు వేరు. ఏజెన్సీకి డబ్బు కట్టి ఫొటో లైసెన్సు తీసుకుంటే మొదటిది మాత్రమే తీరుతుంది. ఆ లైసెన్సు ‘సంపాదకీయ వినియోగానికి మాత్రమే’ అని ఉంటే కంపెనీ పోస్టర్ మీద వేయకూడదు.

మంచి ఫొటో ఎక్కడుంటుందంటే, నల్లజాతి ఫొటోగ్రాఫర్లు తీసిన చోట. పిట్స్‌బర్గ్ కూరియర్ ఫొటోగ్రాఫర్ చార్లెస్ ‘టీనీ’ హారిస్ నెగెటివ్‌లు సుమారు 80,000 ఆ నగరంలోని కార్నెగీ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి. ఎబొనీ, జెట్ పత్రికల ఫొటో భాండాగారాన్ని 2019లో కొన్ని ఫౌండేషన్లు కలిసి 3 కోట్ల డాలర్లకు కొన్నాయి. అది ఇప్పుడు స్మిత్‌సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం, గెట్టీ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ల చేతిలో ఉంది. నీగ్రో లీగుల విషయమైతే కేన్సస్ సిటీలోని మ్యూజియాన్ని అడగండి. జవాబుకు కనీసం మూడు, నాలుగు వారాలు కేటాయించుకోండి.

అచ్చుకు 8×10 అంగుళాల బొమ్మ కావాలంటే 2400×3000 పిక్సెళ్లు ఉండాలి. అంతకు తక్కువదాన్ని సాఫ్ట్‌వేర్‌తో పెంచితే ముఖం మారుతుంది, ఆ పని చేయకండి. రంగులద్దడమూ కుటుంబాన్ని అడగకుండా వద్దు. క్యాప్షన్‌లో ఎడమ నుంచి కుడికి అందరి పేర్లూ ఉండాలి. ‘జాకీ రాబిన్సన్, మరికొందరు’ అని రాసిన ఫొటోలో ఆ ‘మరికొందరి’లో ఇంకో దిగ్గజం ఉన్న సందర్భాలు తక్కువేమీ కాదు.

ప్రశ్న: ఫిబ్రవరిలో వచ్చే నల్లజాతి చరిత్ర మాసం కార్యక్రమానికి డిసెంబరులో మొదలుపెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇరవై వారాల ముందు, అంటే సెప్టెంబరు మధ్యలో, గౌరవించదలచిన వ్యక్తిని లేదా కుటుంబాన్ని అడగాలి. మాసపత్రికలు ఫిబ్రవరి సంచికను అక్టోబరు, నవంబరుల్లోనే ఖాయం చేసుకుంటాయి. పదహారు వారాల ముందుకల్లా వాస్తవాల పట్టిక, ఫొటో హక్కులు పూర్తవాలి. కంపెనీ లాయర్లకు పది పనిదినాలు, కుటుంబం రాత చూడటానికి రెండు వారాలు పక్కన పెట్టండి. ఆలస్యమయ్యేది ఎప్పుడూ ఈ రెండుచోట్లే. వారపత్రికలకు నాలుగు వారాల ముందు, టీవీకి రెండు వారాల ముందు, విలేకరుల ఆహ్వానం రెండు రోజుల ముందు.

ఫిబ్రవరికి తనదైన ఇరుకు ఉంది. నెల మొదట్లో ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ సూపర్ బౌల్, మధ్యలో ఎన్‌బీఏ ఆల్-స్టార్ వారాంతం, కొన్నేళ్లకు శీతాకాల ఒలింపిక్స్. క్రీడల డెస్కులు ఊపిరి తీసుకోవు. బిజినెస్ డెస్కులకేమో కంపెనీల త్రైమాసిక ఫలితాలు. కాబట్టి జనవరి చివరి పది రోజులు గానీ ఫిబ్రవరి 20 తర్వాత గానీ ఎంచుకోండి. డగ్ విలియమ్స్ లాంటివారి కథ చెప్పేటప్పుడు మాత్రం సూపర్ బౌల్ వారమే సరైనది. 1988 జనవరి 31న ఆయన ఆ ఆటను క్వార్టర్‌బ్యాక్‌గా (పాసులు వేసే ముఖ్య ఆటగాడిగా) మొదలుపెట్టి గెలిచిన తొలి నల్లజాతీయుడయ్యారు, రెండో క్వార్టర్‌లోనే నాలుగు టచ్‌డౌన్ పాసులు వేశారు.

ప్రెస్ నోట్ 350 నుంచి 450 పదాలు, విలేకరికి పంపే ఈమెయిల్ 150 పదాలకు మించకూడదు. రెండు ఉల్లేఖనలు చాలు. అందులో మొదటిది గౌరవం పొందుతున్న మనిషిదో కుటుంబానిదో అయివుండాలి. కంపెనీ సీఈఓ మాట రెండోది.

ప్రశ్న: జాతీయ పత్రికలకే పంపుతున్నాం, స్పందన లేదు. నల్లజాతి పత్రికలకు పంపితే ప్రయోజనం ఉంటుందా?

జవాబు: ముందు పంపాల్సింది వాటికే. 1827లో ఫ్రీడమ్స్ జర్నల్‌తో మొదలైన ఆ పత్రికలే, మిగతా పత్రికలు పట్టించుకోని రోజుల్లో ఈ ఆటగాళ్ల గురించి రాశాయి. రాబిన్సన్ కోసం ఏళ్ల తరబడి కలం పట్టినవారు పిట్స్‌బర్గ్ కూరియర్ విలేకరి వెండెల్ స్మిత్, బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్ విలేకరి శామ్ లేసీ. ఆ చరిత్ర తెలిసి ఉత్తరం రాస్తే తేడా కనిపిస్తుంది. పెద్ద పత్రికకు ప్రత్యేక ఇంటర్వ్యూ ఇచ్చేసి, వీరికి మిగిలిన ప్రెస్ నోట్ పడేయడం అన్యాయం. ఇంటర్వ్యూలో సగం సమయం వీరికి కేటాయించండి.

నల్లజాతి ప్రచురణకర్తల జాతీయ సంఘం ఎన్ఎన్‌పీఏ ద్వారా ఎన్నో పత్రికలను ఒకేసారి చేరవచ్చు. 1975లో ఏర్పడిన నల్లజాతి జర్నలిస్టుల జాతీయ సంఘంలో క్రీడా విలేకరులకు విడిగా విభాగం ఉంది. ఈ పత్రికల్లో చాలావరకు వారానికోసారి వస్తాయి కాబట్టి సంచిక తేదీకి పది రోజుల ముందే అందాలి. ఇంకొకటి, కంపెనీ ప్రకటనల బడ్జెట్ అంతా ఇతర పత్రికలకు ఇచ్చి వీరి నుంచి ఉచిత వార్త మాత్రం ఆశిస్తే, ఎడిటర్ అడిగే మొదటి ప్రశ్న అదే. క్లయింటుకు ముందుగా చెప్పండి.

ప్రశ్న: ఎనభై దాటిన క్రీడాకారిణిని వేదిక మీదికి పిలుస్తున్నాం. ఏం చూసుకోవాలి?

జవాబు: పారితోషికం మాట మొదటి ఫోనులోనే మీరే చెప్పండి, ఆవిడ అడిగేదాకా ఆగకండి. పన్నుల కోసం డబ్ల్యూ-9 పత్రం ముందే నింపించుకోండి. తోడు వచ్చే మనిషికీ టికెట్టు, గది ఇవ్వండి. ప్రశ్నలు పది రోజుల ముందు పెద్ద అక్షరాల్లో అచ్చువేసి పంపండి. వేదిక మీద చేతులున్న, మరీ లోతుగా లేని కుర్చీ వేయండి, సోఫాలోంచి లేవడం కష్టం. మెట్లకు బదులు ర్యాంపు కావాలి. చేత్తో పట్టుకునే మైకు వద్దు, చొక్కాకు తగిలించేది పెట్టండి. సంభాషణ 20 నిమిషాలు, విలేకరులకు మరో 15 నిమిషాలు, అంతే.

పేరు ఎలా పలకాలో, ఎలా పిలవాలో ఆవిడనే అడగండి. ఆ తరంలో చాలామంది ‘మిసెస్’ లేదా ‘మిస్’ చేర్చి ఇంటిపేరుతో పిలవాలని కోరుకుంటారు. నల్లవారిని పెద్దవయసులోనూ చిన్నపేర్లతో పిలిచిన కాలాన్ని వాళ్లు చూశారు. మర్నాడు నిశ్శబ్దమైన గదిలో 60 నుంచి 90 నిమిషాల ఇంటర్వ్యూ రికార్డు చేసి, ఒక ప్రతి కుటుంబానికి, ఇంకొకటి ఆవిడ ఎంచుకున్న లైబ్రరీకి ఇవ్వండి. ప్రచారం నెల రోజుల్లో అయిపోతుంది, ఆ రికార్డింగు ఉండిపోతుంది.

ప్రశ్న: ‘మీ కంపెనీలో నల్లజాతి ఉన్నతోద్యోగులు ఎంతమంది?’ అని విలేకరి అడిగితే?

జవాబు: జవాబు మీ దగ్గర ముందే ఉండాలి. వంద మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు ఉద్యోగుల జాతి, లింగ వివరాలతో ఈఈఓ-1 నివేదిక ప్రభుత్వానికి సమర్పిస్తూ వచ్చాయి కాబట్టి అంకెలు కంపెనీ దగ్గర ఉంటాయి. వాటిని చూడటానికి క్లయింటు ఒప్పుకోకపోతే ప్రచారం పెద్దది చేయకండి. మ్యూజియానికి విరాళం ఇచ్చి చిన్న ప్రకటనతో ఊరుకోమని సలహా ఇవ్వండి. సందర్భాన్ని సరుకుగా మార్చే ఆలోచన వస్తే అక్కడే ఆపండి. 2022లో వాల్‌మార్ట్ జూన్‌టీన్త్ పేరుతో ఐస్‌క్రీమ్ పెట్టి, విమర్శలు రాగానే క్షమాపణ చెప్పి వెనక్కి తీసుకుంది. బానిసత్వం నుంచి విముక్తి పొందిన రోజు అది.

ప్రచారంలో భాగంగా గ్రాంటు పోటీ పెడతామంటే లాయరు లేకుండా ప్రకటించవద్దు. అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్ నల్లజాతి మహిళా వ్యాపారులకు 20,000 డాలర్ల చొప్పున గ్రాంటు పోటీ నడిపింది. జాతి ఆధారంగా అర్హత పెట్టారని దాని మీద వేసిన కేసులో 2024 జూన్‌లో ఎలెవెంత్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్ని నిలిపేసింది, సెప్టెంబరులో రాజీలో భాగంగా ఆ పోటీ ముగిసింది. మనసుకు కష్టంగా ఉన్నా, అర్హత నిబంధనలు రాసేటప్పుడు ఈ తీర్పు ముందు పెట్టుకోవాల్సిందే.

ప్రశ్న: ‘ఆఫ్రికన్ అమెరికన్’, ‘బ్లాక్’... ఏది రాయాలి?

జవాబు: ఆ మనిషి తనను ఎలా చెప్పుకుంటే అలా. 1958 జనవరి 18న బోస్టన్ బ్రూయిన్స్ తరఫున ఐస్ హాకీ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు విల్లీ ఓరీ కెనడాలో పుట్టినవారు, ఆయన్ను ఆఫ్రికన్ అమెరికన్ అంటే తప్పవుతుంది. ఇంగ్లిష్ ప్రెస్ నోట్‌లో ‘బ్లాక్’ మొదటి అక్షరం పెద్దదిగా ఉండాలి. వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2020 జూన్‌లో ఆ నియమం పెట్టింది. దాన్ని విశేషణంగానే వాడండి. ‘నీగ్రో’ అన్న మాట సంస్థ పేరులో ఉన్నప్పుడు తప్ప మీ సొంత వాక్యంలో రాకూడదు. తెలుగులో రాసేటప్పుడు కూడా అంతే, మన పాత పుస్తకాల అలవాటు వదిలేయాలి.

ప్రశ్న: పీఆర్ వృత్తిలోనే ఇలా తొలి బాట వేసిన నల్లజాతివారు లేరా? వారిమీద ఒక కార్యక్రమం చేయాలనుంది.

జవాబు: ఉన్నారు, వారి గురించి రాసినవారే తక్కువ. జోసెఫ్ వి. బేకర్ 1934లో ఫిలడెల్ఫియాలో సంస్థ పెట్టారు. మాస్ కెండ్రిక్స్ 1944లో వాషింగ్టన్‌లో మొదలుపెట్టి, 1950ల నుంచి కోకాకోలాకు పనిచేశారు. నల్లవారిని నౌకర్లుగా, వెక్కిరింపు బొమ్మలుగా చూపించే ప్రకటనల కాలంలో ఆయన వారిని చదువుకున్న, సంపాదించుకుంటున్న వినియోగదారులుగా చూపించమని కంపెనీలను ఒప్పించారు. ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన తొలి నల్లజాతి మహిళ ఆలిస్ కోచ్‌మన్, జెస్సీ ఓవెన్స్‌తో కలిసి కోకాకోలా హోర్డింగుల మీద కనిపించింది ఆ రోజుల్లోనే, 1952లో. ఓఫీల్డ్ డ్యూక్స్ 1969లో వాషింగ్టన్‌లో సంస్థ పెట్టారు, ఆయన తొలి క్లయింట్లలో మోటౌన్ రికార్డ్స్ ఒకటి.

ఈ కార్యక్రమానికి ఫిబ్రవరి దాకా ఆగనక్కర్లేదు. కోచ్‌మన్ హైజంప్‌లో 1.68 మీటర్లు దూకి గెలిచింది 1948 ఆగస్టులో. ఆగస్టులో డెస్కులు కాస్త ఖాళీగా ఉంటాయి, హోర్డింగు ఫొటో హక్కులకు ఏప్రిల్‌లో ఉత్తరం రాస్తే సరిపోతుంది.